తాతయ్య బట్టతల వైద్యం

నా చిన్నప్పుడు అమెరికాలోని ఎడిసన్‌లో తెలుగువాళ్ళకి ఫోన్ చెయిన్ ఉండేది. ఎవరింట్లో పూజ ఉన్నా, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ ఉన్నా ఒకరు ఇద్దరికి ఫోన్ చేస్తే, ఆ ఇద్దరూ మరో నలుగురికి చేసేవాళ్ళు. సాయంత్రానికల్లా మనవాళ్ళందరికీ తెలిసిపోయేది.

ఆ దారినే ఒకసారి పక్కింటి ఆంటీ మీద ఒక మాట వచ్చింది. అంకుల్ ఉద్యోగం పోయాక, ఆవిడ వండి పంపే రాత్రి భోజనం డబ్బాలతోనే వాళ్ళ ఇల్లు గడిచేది. నిన్నటి కూరలు వేడిచేసి సర్దుతోందట. అంతే, ఒక్కొక్కరే డబ్బా తెప్పించుకోవడం మానేశారు. మా అమ్మా మానేసింది. స్కూలయ్యాక నేను ఆ వంటింట్లోనే ఆడుకునేదాన్ని. నా కళ్ళముందే ఆవిడ తాజా కూరలు తరిగేది. కానీ పిల్ల మాట ఎవరు వింటారు? ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోదామని ఆవిడ అంకుల్‌తో అంటుంటే విని, ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

అప్పుడు అమ్మ నాన్నగారు, మా తాతయ్య, ఇండియా నుంచి వచ్చి మాతో ఉన్నారు. నా ఏడుపు చూసి అమ్మని అడిగారు.

"ముగ్గురు చెప్పారు నాన్నా, ముగ్గురూ నాకు బాగా క్లోజ్. నిప్పు లేనిదే పొగ రాదుగా" అంది అమ్మ.

తాతయ్య వాదించలేదు. కబుర్లంటే చెవి కోసుకునే వేరే అంకుల్‌కి ఫోన్ చేసి, ఎవరికీ చెప్పొద్దంటూ, తన దగ్గర బట్టతలకి పసరు వైద్యం ఉందన్నారు.

శనివారం పొద్దున మా డ్రైవ్‌వే నిండా కార్లు. డాక్టర్లు, ఇంజనీర్లు, అందరూ టోపీల్లో వచ్చారు. ఒకాయన కొబ్బరినూనె సీసా కూడా తెచ్చుకున్నాడు. అప్పటికే ఆ పసరుతో ఎవరో మంత్రిగారికి జుట్టు మొలిచేసిందట! ఎదురుగా తాతయ్య తల అద్దంలా మెరుస్తోంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

తాతయ్య అందరికీ కాఫీ ఇప్పించి, ఎవరు చెప్పారని అడిగారు. ఒక్కొక్కరూ ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పారు. ఆ పేర్లన్నీ వెనక్కి వెళ్ళి వెళ్ళి ఒక్క ఫోన్ కాల్ దగ్గర ఆగాయి. అప్పుడు తాతయ్య తాపీగా తన తల నిమురుకున్నారు. గది గదంతా నవ్వు.

నవ్వులు తగ్గాక చెప్పారు. సైన్యంలో ఉన్నప్పుడు శత్రువుల్లోకి పుకార్లు వదలడమే ఆయన ఉద్యోగమట.

"మేం చెబితే వాళ్ళు నమ్మరు కదా బాబూ. వాళ్ళకి కావలసినవాళ్ళ చెవిలో వేసేవాళ్ళం. ఆ తరవాత మాతో పనే ఉండేది కాదు."

ఆ గొంతులో గర్వం లేదు. పక్కింటి అమ్మాయి వంట సంగతి మీకెవరు చెప్పారని మెల్లగా అడిగారు. మొదట అన్నదెవరో మాత్రం ఆయన తవ్వలేదు. తవ్వితే ఇంకో కొంప కూలుతుందన్నారు. ముందుగా లేచింది మా అమ్మే. ఖాళీ డబ్బా తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది.

ఆ రాత్రి ఆంటీ గుత్తివంకాయ తెచ్చి తాతయ్యకి వడ్డిస్తూ, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఎలక్షన్లు వస్తే చాలు, నా మనవరాలు ఫోన్ చూపించి, అందరూ ఇదే అంటున్నారు అమ్మమ్మా అంటుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు మనవాళ్ళ చెవిలో వేసి తప్పుకున్న మాటలు అందులో ఎన్నో. ఆ అందరికీ ఎవరు చెప్పారో కనుక్కోమంటాను. అది తేలేదాకా నా కళ్ళముందు తాతయ్య బట్టతల మెరుస్తూనే ఉంటుంది. దాని వెనకే, ఖాళీ డబ్బా పట్టుకుని ఉత్త కాళ్ళతో పరిగెడుతున్న మా అమ్మ.