మూసిన గొడుగు

ముక్కు పక్కన వచ్చిన చర్మ క్యాన్సరును కోసి తీసేసిన నాటి నుంచి, ఎండలో గడిపిన ప్రతి నిమిషాన్నీ డైరీలో నమోదు చేయడం నా నియమం. ఇరవై ఏళ్ళ క్రితం, మిరపకోతల రోజుల్లో శ్రీకాకుళం నుంచి ఒంగోలు వెళ్తుండగా, చిలకలూరిపేట దాటాక బస్సు టైరు పంక్చరైంది. నీడలేని చోట దింపినందుకు కండక్టరును నిలదీసి, అతని బ్యాడ్జీ నంబరు రాసుకుని, గొడుగు విప్పి ఒక చేను గట్టున నిలబడ్డాను.

చేలో ఆడవాళ్ళు చీరలపైన మగవారి పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, ముఖాలకు తువ్వాళ్ళు చుట్టుకుని కాయలు కోస్తున్నారు. డాక్టరు నాకు నెలల తరబడి నేర్పిన జాగ్రత్త వీరికి ముందే తెలుసునని ఆశ్చర్యపోయాను.

"ఏం బాబాయిగారూ, నల్లబడితే పిన్నిగారు ఇంట్లోకి రానివ్వరా?" అని ఒకామె అడిగింది. అందరూ నవ్వారు. రోషంతో గొడుగు మూసేశాను.

"మరి ముక్కు పక్కన ఆ మచ్చేందండీ?" అని ఆమే మళ్ళీ అడిగింది.

క్యాన్సరు అనే మాట చెప్పడానికి సిగ్గేసింది. "సైకిలు మీద నుంచి పడ్డాను. పసుపు రాస్తే మానింది" అన్నాను.

ఆమె నవ్వు ఆపి, దగ్గరకు వచ్చి తువ్వాలు కిందికి దించింది. ముక్కు పక్కన పుండు. "ఇది ఆర్నెల్ల నుంచీ మానట్లేదండీ. నేనూ పసుపే రాస్తన్నా."

నాకు మొదట్లో వచ్చిన పుండూ అచ్చం అలాగే ఉండేది. "గుంటూరు వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించమ్మా."

"మీకు డాక్టరు లేకుండానే మానింది కదండీ!"

అప్పుడైనా నిజం చెప్పవలసింది. కండక్టరు పిలిచాడు, నేను బస్సెక్కాను.

ఆ రోజు పేజీలో కండక్టరు నంబరు ఉంది. గొడుగు లేకుండా ఎండలో నిలబడిన పన్నెండు నిమిషాలూ ఉన్నాయి. ఆమె పేరు లేదు. అడగాలని కూడా నాకు తోచలేదు.