బర్రె కొట్టంలో కెమెరా

కాలు విరిగి ఆసుపత్రి మంచం మీద ఉన్నా, మా బాపు మనసు మాత్రం గౌలిపురలోని బర్రె కొట్టంలోనే ఉంది. అక్కడ ఒక బర్రె తొలిచూలుతో ఉంది. దాన్ని ఈనుతూ తల్లి చనిపోతే బాపే సీసాతో పాలు పట్టి పెంచాడు. కడుపున పుట్టిన పిల్లలకు అంత గారాబం జరగలేదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

"అది ఈనేటప్పుడు నేను దాని కాడుండాలె బిడ్డా. దాని తల్లి లెక్క అయితదేమో. ఎట్లన్న చెయ్యి," అన్నాడు.

డాక్టరేమో కాలు కదపొద్దన్నాడు. నేను చేసేది ఒక ఆఫీసులో నెట్‌వర్క్ ఉద్యోగం. ఇదెంత పని అనుకుని, ఆఫీసులో వాడకుండా పడేసిన పాత కెమెరా ఒకటి అడిగి తెచ్చి కొట్టం దూలానికి బిగించాను. నెట్‌వర్క్‌లో దాని చిరునామా, అంటే ఐపీ అడ్రస్, నా ఫోన్‌లో కొడితే బర్రె తోక ఊపడం కూడా స్పష్టంగా కనిపించింది. ఆ అంకెలు కాగితం మీద పెద్దగా రాసి, మురిసిపోతూ ఆసుపత్రికి వెళ్లాను.

అప్పటికే బాపు వార్డంతా చాటింపు వేశాడు. "నా బిడ్డ బర్రెను ఫోన్ల వెట్టింది" అంటే పక్క మంచాలవాళ్లు కూడా మెడలు చాపారు. అడ్రస్ కొట్టాను. తెర మీద గుండ్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"ఏంది బిడ్డా, గట్లనే తిరుగుతది?" అన్నాడు బాపు.

అప్పుడు చూశాను కాగితం వంక. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిదితో మొదలైన అడ్రస్. అట్లా మొదలైతే అది ప్రైవేటు అని, ఆ ఇంటి వైఫైలో ఉన్నవాళ్లకే పనికొస్తుందని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేది నేనే. "ముందుగదిలో ఉంది" అంటే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది గానీ, దారిన పోయేవాళ్లకు ఎవరింటి ముందుగదని తెలుస్తుంది? ఇంటి వైఫై మీదే పరీక్షించుకుని సంబరపడ్డ నా తెలివికి నాకే ఒళ్లు మండింది. బాపు మాత్రం పక్క మంచం ఆయనతో, "సిగ్నల్ లేనట్టుంది" అని నన్ను కాపాడాడు.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో రూటర్ సెట్టింగులు తెరిచి చూశాను. బయటివైపు అడ్రస్ పదితో మొదలైంది. అదీ ప్రైవేటే. మన అడ్రస్ చూపించే వెబ్‌సైట్‌లో వెతికితే ఇంకొకటి కనిపించింది. అది బయటివాళ్లకూ పనికొచ్చే పబ్లిక్ అడ్రసే గానీ మా ఒక్కరిదీ కాదు. గల్లీకి నెట్ ఇచ్చే అన్నకు ఫోన్ చేశాను.

"గల్లీ మొత్తానికి అదొక్కటే అక్కా. మీకు సపరేట్ కావాల్నంటే రేపు ఇస్తా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

బర్రెకు రేపటిదాకా ఓపిక లేదు. మధ్యాహ్నం కొట్టంలోంచి చిన్నాయన కేకేశాడు. పాలు పితికే పని ఇప్పుడాయనే చూస్తున్నాడు.

"నొప్పులు మొదలైనయి. పండుకుంటలేదు, నన్ను దగ్గరికి రానిస్తలేదు."

బర్రె కట్టుకొయ్య చుట్టూ తిరుగుతోంది. కళ్లు భయంగా ఉన్నాయి. ఆసుపత్రిలో బాపు దగ్గరున్న అమ్మకు వీడియో కాల్ చేశాను. అమ్మ ఫోను బాపుకిచ్చింది. ఆయన ఒక్క క్షణం చూశాడు.

"ఫోను దాని చెవి కాడ వెట్టు."

"గట్ల పెడితే నీకేం కనిపియ్యదు బాపూ."

"నాకు కనవడకున్నా మంచిదే. నేనున్ననని దానికి తెల్వాలె."

నేను ఇన్ని రోజులూ ఆయనకు చూపించాలనే తంటాలు పడ్డాను. మాట వినిపించే సదుపాయం ఆ కెమెరాకు అసలు లేనే లేదు. పబ్లిక్ అడ్రస్ దొరికినా ఆయన అడిగింది చేయలేకపోయేదాన్నని అప్పుడు అర్థమై నాకు ఏడుపొచ్చింది.

"పండుకో తల్లీ. నేనీడనే ఉన్న. యాడికి పోలే," అంటున్నాడు బాపు. బర్రె చెవులు నిక్కించింది. తిరగడం ఆపింది. కాసేపటికి ముందు కాళ్లు మడిచి, మెల్లగా గడ్డి మీద ఒరిగింది. చిన్నాయన దగ్గరికి వెళితే ఈసారి ఏమీ అనలేదు. నేను పక్కనే కూర్చుని ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు.

దూడ నేల మీద పడి తల ఎత్తాక, తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టాక, బాపుకు చూపిద్దామని ఫోను తిప్పాను. తెర మీద బాపు కళ్లు గట్టిగా మూసుకుని, "నేనీడనే ఉన్న" అని ఇంకా చెబుతూనే ఉన్నాడు.