జెట్‌లో నలుసు

నలభై ఎనిమిది వేసవిలో మా సెక్షన్‌ను నూజివీడు మామిడితోటల్లో దించారు. బెజవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా లారీలో వచ్చాం. రైఫిళ్లు, రెండు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, నీళ్లు తోడే చిన్న పెట్రోల్ ఇంజన్. ఇంజన్ బాధ్యత నాది. యుద్ధం రోజుల్లో బర్మా దారిలో, వర్క్‌షాపులో ఆ పని నేర్చుకున్నాను. మళ్లీ తెలుగు మాట వినపడే చోట డ్యూటీ పడుతుందని అనుకోలేదు.

తోట నూజివీడుకు పడమరగా, మైలవరం దారి పక్కన ఉంది. రజాకార్లకు జడిసి నైజాం సరిహద్దు దాటి వచ్చిన జనం అప్పటికే చెట్ల కింద ఉన్నారు. చాపలు, గోనెపట్టాలు, మసిబారిన కుండలు. రసాలు పక్వానికి వచ్చి రాలుతున్నాయి. రాలిన కాయల మీద ఈగలు. పొద్దెక్కకముందే వడగాలి. మాకిచ్చిన ఆర్డర్ రెండు ముక్కలు. జనానికి కాపలా కాయాలి. నీళ్లు అందించాలి.

నీళ్లంటే ఆ తోట రైతు నుయ్యి. రైతు గొడుగు వేసుకుని మా హవల్దార్ దగ్గరికి వచ్చాడు. మర్యాదస్తుడు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

"నుయ్యి వాడుకోండి. కష్టంలో ఉన్నవాళ్లకి నీళ్లు కాదంటానా? కాకపోతే చేద మాత్రం అందరూ ముట్టుకోకూడదండీ. మీకు ఇంజన్ ఉందిగా. గొట్టం దగ్గర ఎవరు పట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు."

గొట్టానికి మైల లేదట. చేంతాడుకు ఉందట. హవల్దార్ మలబారు మనిషి. తెలుగు అంతంతమాత్రం. నేను హిందుస్తానీలో చెప్పింది విని "సరి" అన్నాడు. ఒప్పందం అంతే.

నూతి ఒరకు చెక్కలు వేసి ఇంజన్ బిగించాను. గాలికి అడ్డుపడే చోక్ మూసి తాడు లాగితే రెండో లాగుకు అందుకుంది. చోక్ తెరిచాను. పెట్రోలు పాళ్లు కుదిర్చే స్లో స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలాను. చెవి పెట్టి విన్నాను. మోత సమంగా ఉంది. గొట్టంలో నీళ్లు వచ్చాయి.

వరసలో ఒక ముసలామె కుండ పట్టుకుని, గొట్టానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఎవరైనా పోస్తారేమోనని అటూ ఇటూ చూసింది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన కుటుంబాల్లో మనిషి. పేరు మల్లమ్మ.

"పట్టుకో పెద్దమ్మా," అన్నాను.

"నేనే పట్టుకోవాల్నా?"

"నువ్వే."

కుండ నిండి పొర్లుతున్నా తీయలేదు. తరవాత అంది: "ఎవలు పొయ్యకుండ నీళ్లు తాగుడు ఇదే మొదలు బిడ్డా."

ఆమె వెంట కూతురు ఎల్లమ్మ ఉంది. "దాని కడుపుల నలుసున్నది. ఐదో నెల. మొగడు ఆడనే ఆగిండు, ఎనక వస్తనని," అని మల్లమ్మే చెప్పింది. తెలుగు సరిగా రాని హవల్దార్ 'నలుసు' అంటే ఏంటని అడిగాడు. కంట్లో పడే ధూళికణాన్నీ అంటారు, కడుపులో పడ్డ పిండాన్నీ అంటారు అని చెప్పాను. ఆయన తల ఊపాడు.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి ఇంజన్ టాంకు మూత నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. వైర్‌లెస్ ఆపరేటర్ చూసి నవ్వాడు.

"ఏరా, నీ పెళ్లాం ముస్తాబైందే. ఇవాళ చోక్ లాగుతావా, తాళి కడతావా?"

నాకు నవ్వు రాలేదు. చదువుకునే రోజుల నుంచి నాది ఒకటే మాట. పిస్టన్ ఎవరి మొక్కూ వినదు. పెట్రోలు, గాలి, నిప్పు సరైన పాళ్లలో కలిస్తే కదులుతుంది, లేకపోతే లేదు. నూనెగుడ్డ తీసి తుడవబోయాను.

హవల్దార్ ఆపాడు. "తుడవద్దు. ఆ ముసలామె దగ్గర వేరే ఏముంది, ఇవ్వడానికి?"

తుడవలేదు. రోజూ పొద్దున్నే మల్లమ్మ కొంగుముడి విప్పి, అందులో పొట్లం విప్పి, పాత పసుపు మీద కొత్త పసుపు రాసేది. ఎండకి అది ఎండి పగుళ్లు వారేది.

కొన్నాళ్లకు తోటలో వాంతులు, భేదులు మొదలయ్యాయి. ఎల్లమ్మకు ఒక సాయంత్రం పట్టుకుంది. కాంపౌండర్ వచ్చి చూసి, ఏదో పొడి ఇచ్చి, మల్లమ్మతో చెప్పాడు. "నీళ్లు కాచి చల్లార్చి పట్టించు. ఆపొద్దు. వాంతి అయినా సరే మళ్లీ పట్టించు. ఇప్పుడు నీళ్లే మందు." తెల్లవార్లూ చెట్టు కింద పొయ్యి వెలుగుతూనే ఉంది. తెల్లారేసరికి కుండ అడుగంటింది.

ఆ పొద్దున ఇంజన్ ఆగిపోయింది.

చోక్ మూస్తే అందుకుంటుంది. తెరిస్తే దగ్గి ఆగిపోతుంది. ప్లగ్గు తీసి గీకాను. నిప్పురవ్వ బాగానే వస్తోంది. అంటే పెట్రోలు చాలడం లేదు. కార్బురేటర్ విప్పాను. ఫ్లోట్ గిన్నె అడుగున ఏదో మడ్డి. నీడలో సరిగా చూడలేదు, పారబోశాను. పెట్రోలు సన్నగా చిమ్మే జెట్ తీసి పెట్రోల్లో ఆడించి నోటితో ఊదాను. తీగ పెట్టి పొడిస్తే ఇత్తడి బెజ్జం పెద్దదవుతుంది, అందుకని ఊదడమే. బిగించాను. ఇంజన్ నడిచింది. ఒక వరస కుండలు నిండాయి. ఆగిపోయింది.

మళ్లీ విప్పాను. మళ్లీ ఊదాను. మళ్లీ అంతే.

ఈలోగా నూతి దగ్గర చేద దిగింది. చేద ముట్టుకోదగ్గ కులాల ఆడవాళ్లు తోడుకుంటున్నారు. తమ కుండలు నిండాక, ఓపిక ఉంటే దూరంగా పెట్టిన కుండల్లో పోస్తున్నారు. ఆ వరస చెట్ల దాకా ఉంది. మల్లమ్మ కుండ చివర్లో ఉంది. రాత్రంతా కూతురి పక్కనుంచి కదల్లేక ఆలస్యంగా వచ్చింది. నా సీసాలో ఉన్న నీళ్లు ఇచ్చేశాను. ఆపరేటర్ తనదీ ఇచ్చాడు. అవి ఎంతసేపు?

రైతు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను.

"పోసేవాళ్లు పోస్తున్నారుగా బాబూ," అన్నాడు. "నేను వద్దన్నానా? మీ ఇంజన్ బాగయ్యేదాకా కాస్త ఓపిక పట్టమనండి."

గుడారంలో ఆపరేటర్ సెట్టు ముందు కూర్చున్నాడు. "నీళ్ల బండి కావాలి. డాక్టర్ కావాలి. ఓవర్." కాసేపు గరగర. అవతలి గొంతు: "బండి రేపు. డాక్టర్ మైలవరంలో ఉన్నాడు. సాయంత్రం. ఓవర్."

హవల్దార్ దగ్గరికి వెళ్లాను. "నేను తోడి పోస్తాను సార్. ఒక్క కుండ."

ఆయన నూతి వైపు చూశాడు. "నువ్వు తోడి ఆమెకి పోస్తావ్. తరవాత ఇంకో ఆమె. నీ కులం ఏదో తెలీని ఆ రైతు, చేద మైలపడిందని నుయ్యి మూస్తాడు. ఇంతమంది ఎక్కడికి పోతారు? ఇంజన్ చూడు."

"సార్."

"ఇంజన్ చూడు."

ఇంజన్ చూశాను. ఈసారి కార్బురేటర్‌ను ఎండలోకి తెచ్చాను. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు నేను అన్నం తినే మెస్‌టిన్ మూతలో పోశాను. అడుగున మడ్డి పచ్చగా ఉంది. వేళ్ల మధ్య నలిపాను. వాసన చూశాను. పసుపు.

రోజూ పొద్దున పెట్రోలు పోయడానికి మూత తిప్పేది నేను. తిప్పినప్పుడల్లా ఎండిన పసుపు పెచ్చులు టాంకులో రాలుతున్నాయి. టాంకు అడుగున వడపోత జాలీ ఎప్పుడో చిరిగింది. నేను జెట్ మాత్రమే కడుగుతూ వచ్చాను. పసుపు పైన టాంకులో ఉంది.

టాంకు దించాను. పెట్రోలంతా నా బనీను గుండా వడపోశాను. టాంకు రెండుసార్లు కడిగాను. ట్యూబు ఊదాను, జెట్ ఊదాను. మూత తుడిచాను. బిగించి, స్క్రూ ఒకటిన్నర చుట్టు వదిలి, తాడు లాగాను. చోక్ తెరిచాక కూడా ఆగలేదు. గొట్టంలో నీళ్లు పడ్డాయి. ఎండ అప్పటికి నడినెత్తి మీద ఉంది.

జనం గొట్టం దగ్గరికి పరుగెత్తారు. మల్లమ్మ నడుచుకుంటూ వచ్చింది. కుండ గొట్టం కింద పెట్టింది.

"ఏమాయె దీనికి?"

"నలుసు పడిందమ్మా. తీసేశాను."

ఆ మాట అన్నాక విన్నాను. ఆమె నా మొహం చూడలేదు, ఇంజన్‌ను చూసింది.

"తీసినవా. మంచిగ జేసినవ్." కుండ నిండింది. ఎత్తుకుంది. "నా బిడ్డ నలుసుతోనే పోయింది. జరంత సేపాయె."

ఆ నీళ్లతో కూతురికి స్నానం చేయించింది. చుట్టూ ఆడవాళ్లు చేరారు. ఒకామె నెమ్మదిగా అడిగింది: "మొగడు ఉన్నడో లేడో తెల్వదు. పసుపు ఎట్ల పెడ్తవ్?"

"ఉన్నడనే పెడుతున్న," అంది మల్లమ్మ.

కొంగుముడి విప్పింది. అదే పొట్లం. పాదాలకు రాసింది. మొహానికి రాసింది. పొట్లం దులిపి, మిగిలింది కడుపు మీద రాసింది. నేను ఇంజన్ పక్కనే నిలబడ్డాను. ఇంజన్ నడుస్తోంది. నడుస్తున్నంతసేపూ దాని దగ్గర ఉండమని ఆర్డర్.

మర్నాడు మూత మీద పసుపు లేదు. ఆ తరవాత ఎప్పుడూ లేదు. ఎందుకు రాయలేదో నేను అడగలేదు. జెట్‌లో దొరికిందేమిటో ఆమెకు చెప్పలేదు. నిజం ఎవరి ముందైనా చెప్పాలని వాదించేవాణ్ణి నేను. ఇప్పుడూ వాదిస్తాను. ఆమెకు చెప్పను.

వానలు పడ్డాక మమ్మల్ని అక్కడి నుంచి మార్చారు. లారీ మళ్లీ ఆగిరిపల్లి మీదుగానే వెళ్లింది. తోటల్లో కాయ అయిపోయింది. ఆ తరవాతి సంవత్సరం డిశ్చార్జి తీసుకుని ఇంటికొచ్చాను. పంపుసెట్లు బాగుచేసుకుంటూ, సభల్లో మాట్లాడుతూ, పత్రికలకు రాస్తూ బతికాను.

ఒక సభలో ఈ సంగతి చెబితే, మా హేతువాద పక్షం మనిషే లేచి చేతులు చరిచాడు. "చూశారా, మూఢనమ్మకం ఆ పిల్లను చంపింది," అన్నాడు. ఆయన మీద నాకు వచ్చినంత కోపం పూజారుల మీద ఎన్నడూ రాలేదు. పసుపు చిటికెడు. కడిగితే పోయింది. ఇంజన్ పుట్టకముందు నుంచీ అక్కడ నుయ్యి ఉంది. నీళ్లు ఉన్నాయి. చేద ఉంది, చేంతాడు ఉంది, తోడగల చేతులు వంద ఉన్నాయి. ఆ తల్లి రెండు చేతులూ ఉన్నాయి. ఆ చేతులు తాడును తాకకూడదన్న మాటను ఏ పెట్రోలుతో కడుగుతారు? ఆ మాట అన్నవాడు మర్యాదస్తుడు. దాన్ని అమలు జరిపినవాళ్లం యూనిఫాం వేసుకున్నవాళ్లం. ఆ నాలుగు మాటలూ చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో నాకు తెలియలేదు.

తోటలో ఎల్లమ్మ పోయిన ఆ రోజు మధ్యాహ్నం పనిముట్లు సర్దుకుంటూ చూస్తే మెస్‌టిన్ మూత ఎండలోనే ఉండిపోయింది. పెట్రోలు ఆవిరైపోయింది. అడుగున పసుపు గుండ్రంగా ఆరి ఉంది, ఎవరో చేత్తో దిద్దినట్టు.