సిగ్గు ఉండే చోటు

తిరుపతయ్య ఎవరింటికైనా వెళితే గుమ్మం బయటే ఆగి దగ్గేవాడు. లోపలి నుంచి ఎవరైనా పలికాకే చెప్పులు విడిచేవాడు. మానవపాడు మండలంలోని ఆ ఊళ్లో అన్నదమ్ములకు గట్టు తగాదా వచ్చినా, మొగుడూ పెళ్లాల మధ్య మాట పెరిగినా ఆయననే పిలుచుకుపోయేవారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇరుపక్షాలూ అరిచి అలిసిపోయేదాకా తల వంచుకుని వినేవాడు. తర్వాత ఒక్క మాట చెప్పేవాడు. దాని మీద ఎవరూ మళ్లీ నోరెత్తేవారు కాదు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తక్కువైతే అడగడానికి మొహమాటపడి అట్లాగే తినేసేవాడు. ఆ తర్వాత తినడానికి కూర్చున్న భార్య జములమ్మ నోట్లో ముద్ద పెట్టుకుని, "ఉప్పు లేదని చెప్పరాదా అయ్యా, నోరు లేదా నీకు" అని కోప్పడేది. కోప్పడుతూనే లోలోపల మురిసిపోయేది.

ఆయనకు యాభై నాలుగేళ్లు వచ్చాక మార్పు మొదలైంది. మొదట్లో అది మార్పులా అనిపించలేదు. మిరప చేలో మందు కొడుతూ కొడుతూ మధ్యలో వదిలేసి గట్టున కూర్చునేవాడు. చాయ్‌లో చక్కెర మీద చక్కెర వేసుకునేవాడు. ఒకసారి జములమ్మ జ్వరంతో మంచం పడితే, "అన్నం ఎప్పుడు వండుతవ్" అని తప్ప ఇంకో మాట అడగలేదు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చింది. ఈ మనిషికి తన మీద ప్రేమ తీరిపోయిందనుకుంది.

ఆ ఏడు ఎండాకాలంలో గద్వాలలో జములమ్మ అన్న బాలకృష్ణ కూతురి పెళ్లి జరిగింది. ఫంక్షన్ హాలులో మగపెళ్లివారి బంతిలోనే తిరుపతయ్యను కూర్చోబెట్టారు. ఆయన తన లడ్డు తినేశాడు. పక్కన పెళ్లికొడుకు పెద్దనాయన కూర్చున్నాడు. తిరుపతయ్య చెయ్యి చాపి ఆయన విస్తరిలో లడ్డు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. పెద్దాయన బిత్తరపోయి చూస్తుండగానే బూరె కూడా తీశాడు. బంతిలో నవ్వులు మొదలయ్యాయి.

బాలకృష్ణ చెల్లెల్ని స్తంభం పక్కకు తీసుకెళ్లాడు.

"ఏంది జములమ్మా, బావ గిట్ల జేస్తుండు? తాగిండా?"

తిరుపతయ్య పుట్టి బుద్ధెరిగి కల్లు కూడా ముట్టలేదు. అది బాలకృష్ణకూ తెలుసు. కానీ జములమ్మకు ఆ నిమిషంలో ఏదో ఒక కారణం కావాలి. తల వంచుకుని, "అవునన్నా, ఇయ్యాల జర ఎక్కువైంది" అంది. అన్న ముఖం కొంచెం తేలికపడింది. తాగుడు అందరికీ అర్థమయ్యే విషయం. ఊరికి తిరిగొచ్చే బస్సులో ఆమె భర్త పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో కూర్చుని, ఆయన మెడ వైపు చూస్తూ, తానన్న మాట తలుచుకుంటూ వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంటి పక్కనే తగిలింది. కృష్ణయ్య, తిరుపతయ్య చిన్ననాటి నుంచీ కలిసి తిరిగినవాళ్లు. కృష్ణయ్య తల్లి చనిపోయింది. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఆడవాళ్లు ఏడుస్తున్నారు. తిరుపతయ్య వచ్చి నిలబడి నవ్వాడు. "ముసల్ది ఎంత లావుందో సూడు, మోసెటోళ్ల పని అయిపోతది" అన్నాడు, అందరికీ వినిపించేటట్లు.

ఏడుపులు ఆగిపోయాయి. కృష్ణయ్య లేచాడు.

"తిరుపతీ, ఇగ నువ్వు నా గడప తొక్కకు. నీకూ నాకూ తీరిపోయింది."

తిరుపతయ్యకు కోపం రాలేదు, బాధా కలగలేదు. ఇంటికొచ్చి ఉల్లిగడ్డ కోసుకుని అన్నంలో నంజుకుని తిన్నాడు. జములమ్మ తలుపు వేసి, మనిషిని పట్టుకుని ఊపేసింది. "సిగ్గు లేదా నీకు? ఆ అవ్వ నీకు బుక్కెడు బువ్వ పెట్టలేదా?" ఆయన ఆమె వైపు చూసి, "ఇంగొంత అన్నం పెట్టు" అన్నాడు.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. ఎవరో చేతబడి చేశారన్నారు కొందరు. పెద్దరికం తలకెక్కి మదమొచ్చిందన్నారు ఇంకొందరు. జములమ్మ తాయెత్తు కట్టిస్తే ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని నమిలాడు. ఇక ఆమె ఆయన్ని బయటికి రానివ్వకూడదని నిర్ణయించుకుంది. చేనుకు పోయేటప్పుడు ఇంటికి బయట నుంచి తాళం వేసేది. ఎవరైనా అడిగితే, "జ్వరమొచ్చి పండిండు" అనేది. ఒకరోజు మిరపకాయలు తెంపి వచ్చేసరికి, తమ ఇంటి కిటికీ దగ్గర ముగ్గురు నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. లోపల తిరుపతయ్య చువ్వల్లోంచి చెయ్యి చాపి, "జర తినేతందుకు ఏమన్న పెట్టుండ్రి" అని అడుగుతున్నాడు. పంచె తడిసిపోయి ఉంది. ఒకామె తన బిడ్డ చేతిలోని బిస్కెట్ తీసి ఆయనకు ఇస్తోంది. జములమ్మను చూడగానే అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆమె తాళం తీసి లోపలికి వెళ్లి, ఆయన తడి పంచె విప్పి వేరేది కట్టింది. ఎన్నో ఇళ్ల పంచాయితీలు తీర్చిన మనిషిని గొడ్డును కట్టేసినట్లు పెట్టానని అప్పుడు ఆమెకు తెలిసింది. అయినా మర్నాడు మళ్లీ తాళం వేసింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియలేదు.

కొడుకు సాయితేజ ఊళ్లోనే ట్రాక్టర్ నడుపుతాడు. తండ్రి మాట జవదాటని పిల్లవాడు. మరుసటి ఏడు వానాకాలం ముందు పత్తి విత్తనాలకని గద్వాలకు పోతూ, ఇంట్లో బంధించి ఉంచడం చూడలేక, తండ్రిని కూడా తీసుకెళ్లాడు. దుకాణంలో మాట్లాడుతూ వెనక్కి తిరిగి చూస్తే తండ్రి లేడు. రోడ్డు మీద గోల వినిపించింది. మిఠాయి బండివాడు తిరుపతయ్య అంగీ పట్టుకుని గుంజుతున్నాడు. ఆయన రెండు చేతుల్లోనూ జిలేబీలు. చుట్టూ జనం. ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఆ జనంలో సాయితేజ సావాసగాళ్లు కూడా ఉన్నారు.

"సిగ్గు లేదా నాయినా నీకు!" అని అరిచి సాయితేజ తండ్రి చెంప మీద కొట్టాడు.

జిలేబీ కింద పడింది. తిరుపతయ్య కొడుకు వైపు చూడలేదు. కిందపడ్డ జిలేబీ వైపు చూసి, వంగి, దుమ్ముతో సహా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు కూడా ఊరుకున్నారు. బండివాడు అంగీ వదిలేసి, "తోల్కపో బిడ్డా" అన్నాడు మెల్లగా.

ఆ వీడియో వనపర్తిలో డిగ్రీ చదువుతున్న కూతురు సౌందర్య దాకా పోయింది. హాస్టల్లో ఎవరో నవ్వుతూ చూపించారు. ఆమె నవ్వుతున్నవాళ్లకు ఆ మనిషి తన తండ్రి అని చెప్పలేకపోయింది. బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, కొడితె కూడ నాయినకు కోపం రాలే. అది సూసినవా? మనిషన్నాక ఎవ్వరికైనా రావాలె గదా. ఇది బుద్ధి తక్కువ కాదమ్మా, ఏదో రోగం. దవాఖానకు తీస్కరా."

"ఏ దవాఖాన బిడ్డా?"

"ఈడ మనసు డాక్టరమ్మ ఉంది."

"పిచ్చోళ్ల దవాఖాన అన్నట్టు" అంది జములమ్మ. అయినా వెళ్లింది. వనపర్తిలో ఆ ఆసుపత్రి బోర్డు కింద కూర్చున్నంతసేపూ కొంగు ముఖం మీదికి లాక్కునే ఉంది. రోడ్డు మీద తమ ఊరి ఆటో పోయినట్లు అనిపించి గోడ వైపు తిరిగింది.

డాక్టరమ్మ బల్ల మీద అరటిపండ్లు ఉన్నాయి. తిరుపతయ్య కూర్చోగానే ఒకటి తీసుకుని ఒలిచాడు. జములమ్మ ఫట్టున ఆయన చేతి మీద కొట్టింది.

"తిననివ్వండి అమ్మా," అంది డాక్టరమ్మ. "ముందు నాకు ఇది చెప్పండి. ఇంతకు మునుపు ఈయన ఎట్లాంటి మనిషి?"

ఈ ఏడాదిన్నరలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ ఆయన ఏం చేశాడనే అడిగారు. జములమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గుమ్మం బయట దగ్గడం, ఉప్పు అడగకపోవడం, ఆమె కాన్పుకు పుట్టింటికి పోతే రెండు మైళ్లు వెనకే నడిచొచ్చి కూడా లోపలికి రావడానికి సిగ్గుపడి చెట్టు కింద నిలబడిపోవడం. తాను చెబుతున్న మనిషి పక్కనే కూర్చుని అరటిపండు తింటున్నాడు.

డాక్టరమ్మ హైదరాబాద్‌లో తల స్కానింగ్ తీయించుకు రమ్మంది. తీసుకొచ్చాక సాయితేజను, జములమ్మను దగ్గర కూర్చోబెట్టుకుంది; సౌందర్య కూడా వచ్చి వాళ్ల వెనక నిలబడింది. వెలుతురుకు ఎదురుగా ఆ ఫిలిం పట్టుకుని నుదుటి వైపు భాగం చూపించింది.

"ఇక్కడ మెదడు కుంచించుకుపోయింది. మనకు ఏదైనా తినాలనిపిస్తే, అది మనది కాదు, తీయకూడదు అని ఆపేది ఈ భాగమే. ఎదుటివాళ్లు బాధపడుతున్నారని తెలిసేది కూడా ఎక్కువగా దీనివల్లనే. ఈయనకు అది అరిగిపోతోంది. జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి, మీరెవరో తెలుసు. కానీ ఆగడం తెలియదు. తీపి మీద అంత యావ కూడా ఈ జబ్బులో భాగమే."

"సిగ్గు గూడ ఆడనే ఉంటదా అమ్మా?" అని అడిగింది జములమ్మ.

"చాలావరకు అక్కడే ఉంటుందమ్మా."

"మరి నేను దినాం సిగ్గు లేదా అని తిడితిని..."

నయమవుతుందా అని సాయితేజ అడిగాడు. నయం చేసే మందు లేదని, చిరాకు తగ్గడానికి బిళ్లలు ఇస్తానని, రోజూ ఒకే వేళకు తిండి, ఒకే దారిన నడక అలవాటు చేయమని, తాళం మాత్రం వేయవద్దని ఆమె చెప్పింది. తాళం సంగతి ఆమెకు ఎవరు చెప్పారో జములమ్మకు అర్థం కాలేదు. సౌందర్య తల్లి వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చాక సాయితేజ వారానికోసారి తండ్రికి తానే గడ్డం గీయడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం సబ్బు నురగ తుడుస్తూ, చెంప మీద చెయ్యి ఆగిపోయి, "నాయినా, ఆ దినం గద్వాలల నిన్ను కొట్టిన. తప్పయింది" అన్నాడు.

"ఆకలైతుంది," అన్నాడు తిరుపతయ్య.

సాయితేజ లేచి దొడ్లోకి పోయాడు. తండ్రి తిట్టినా బాగుండేది, పోనీలే బిడ్డా అన్నా బాగుండేది. మన్నించడానికి కూడా ఆయన దగ్గర ఆ కోపం మిగల్లేదు. ఆ చెంపదెబ్బను ఇక తానొక్కడే మొయ్యాలి.

జములమ్మ చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ముందు అన్నకు ఫోన్ చేసింది. "అన్నా, పెళ్లి దినం ఆయన తాగలే. నేనే అబద్ధం చెప్పిన. నా పరువు కోసం ఆయన్ని తాగుబోతును చేసిన" అంది. ఆ తర్వాత ఊళ్లో కిరాణా కొట్టు ప్రదీప్ దగ్గరికి వెళ్లింది. కొట్టు ముందు నలుగురూ ఉండగానే చెప్పింది. "మా ఆయనకు మెదడు రోగం. ఏమన్న తీసుకుంటె కొట్టకుండ్రి, గుంజకుండ్రి. నాకు ఫోన్ జేయుండ్రి, నేను వస్త." చెబుతున్నప్పుడు ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి. చెవులు మండిపోయాయి. ప్రదీప్ బయట ఉన్న మిఠాయి సీసాలను లోపలి వరుసలోకి జరిపి, "సరే పెద్దమ్మా" అన్నాడు.

చివరికి కృష్ణయ్య ఇంటికి పోయింది. గడప బయటే నిలబడింది. కృష్ణయ్య మంచం మీద నుంచి లేవలేదు.

"మీ అమ్మ ముందల ఆయన నోట్ల నుంచి వచ్చిన మాటకు నేను నీ కాళ్లు మొక్కుత కృష్ణన్నా. ఆయన కావాలని అనలే. మెదడుల ఆపేది అరిగిపోయిందంట. డాక్టరమ్మ బొమ్మ తీసి సూపెట్టింది."

కృష్ణయ్య అడిగాడు. "ఎన్నాళ్ల సంది?"

"రెండేండ్లు అయితుండొచ్చు."

"నా పక్కనే ఉండె. నాకే తెల్వలే." ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "నలుగురి ముందల గడప తొక్కకు అంటి. వాడు మారిపోతుంటె ఏమైందిరా అని ఒక్కపారి అడగలే."

మర్నాడు పొద్దున కృష్ణయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తిరుపతయ్య నడకకు బయల్దేరితే వెనకే నడిచాడు. ఊరి చివర రోడ్డు కింది మోరీ దాకా పోయి తిరిగొచ్చారు. అప్పటి నుంచి దాదాపు రోజూ అట్లాగే జరుగుతోంది.

ఇప్పుడు తిరుపతయ్యకు మాటలు తగ్గిపోయాయి. కొన్ని నెలలకోసారి జములమ్మ ఆయన్ని బస్సులో వనపర్తికి తీసుకుపోతుంది. బీచుపల్లి దాటాక ఆయన హఠాత్తుగా గట్టిగా నవ్వుతాడు, లేదా ముందు సీట్లో కూర్చున్న ఎవరో ఒకామె జడ పట్టుకుని చూస్తాడు. ఆమె గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. "మెదడు రోగం అమ్మా, ఏమనుకోకు" అంటుంది జములమ్మ. కొందరు అయ్యో అంటారు. కొందరు లేచి వేరే సీట్లోకి పోతారు.

తన సిగ్గు తీరిపోయిందని జములమ్మ ఎవరికీ చెప్పదు. ఆయన నవ్వగానే ఇప్పటికీ ఆమె మొదట చుట్టూ ఉన్న ముఖాలే చూస్తుంది. ఆ తర్వాతే ఆయన ముఖం చూస్తుంది. అది తప్పని ఆమెకు తెలుసు. బస్సు మారే పెబ్బేరు వచ్చేదాకా ఆయన చేతిని తన ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటుంది.