నేను నేర్పిన మాటలు

"జర పక్కకు ఒరుగు పెద్దమ్మా." పొద్దున తెర వెనక నుంచి ఆ మాట వినపడగానే సిరంజిలోకి మందు ఎక్కిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అంటున్నది విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మాయి. యాస కుదరక మాట చివర సాగుతోంది. మంచం మీది ముసలామె నవ్వుతోంది. వచ్చే నెల రిటైరవుతున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సాగదీత నాకు తెలిసినదే.

ఎల్‌బీ నగర్‌లోని ఈ ఆసుపత్రిలో నేను మగ నర్సుగా చేరేనాటికి రత్నకుమారి సిస్టర్ వార్డు ఇన్‌ఛార్జి. తెనాలి వైపు మనిషి, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన నాకు నరం పట్టుకోవడం దగ్గర నుంచి శవాన్ని శుభ్రం చేయడం దాకా ఆమే నేర్పింది. సూది తీశాక "అయిపోయిందండీ, ఇంక లేదు" అనేది. అది అనకుండా నన్ను మంచం దగ్గర నుంచి కదలనిచ్చేది కాదు. అయితే ఆమె "నొప్పిగా ఉందా" అని అడిగితే మా వైపు ముసలివాళ్లు బిగుసుకుపోయేవారు. "నొస్తున్నదా అనుండ్రి సిస్టర్, మనసిప్పుతరు" అన్నాను ఒకరోజు. "నేర్పవయ్యా బ్రదరూ, ఫీజేమన్నా ఇవ్వాలా?" అంది. అలా ఒక్కొక్కటే నేర్చుకుంది.

తర్వాత తెలంగాణ ఉద్యమం ముదిరింది. డ్యూటీ రూములో ఎవరిది ఏ జిల్లా అన్న లెక్క మొదలైంది. నేనూ లెక్కపెట్టాను. ఒక బంద్ నాడు నాదర్‌గుల్ నుంచి తుంటి విరిగిన ముసలామెను తెచ్చారు. సిస్టర్ వంగి, "యాడ నొస్తున్నది అవ్వా?" అంది. యాస కుదరక మాట చివర సాగింది.

పక్కనున్న కొడుకు లేచి నిలబడ్డాడు. "ఏందమ్మా, మా మాటతోని మమ్మల్నే ఎక్కిరిస్తున్నవా?"

ఆమె నా వైపు చూసింది. నేనే నేర్పానని ఒక్క మాటంటే సరిపోయేది. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

"చెప్పొచ్చు కదయ్యా" అంది తర్వాత.

"గీ టైంల ఎట్ల చెప్త సిస్టర్? నన్ను గూడ మీ మనిషంటరు."

"మీ మనిషి" అని ఆ మాటే మెల్లగా అనుకుని, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె రోగులతో మాట్లాడటం మానేసింది. పక్కకు తిరగమన్నా, నోరు తెరవమన్నా సైగే. పొగరుమోతని, తెలంగాణ వాళ్లతో నోరు విప్పదని పేరుపడింది. నేను కాదనలేదు, నలుగురితో పాటు నవ్వాను. దండా, శాలువా లేకుండానే రిటైరై వెళ్లిపోయింది. ఆమెను చూడని పిల్లలు కూడా ఈ వార్డులో ఇప్పటికీ ఆమె పొగరు కథే చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

రాష్ట్రం వచ్చాక ఒకసారి దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి వినిపించింది: "బీరకాయ ఎట్లిస్తున్నవ్ బిడ్డా?" మాట చివర సాగింది. తిరిగి చూశాను. నన్ను చూడగానే ఆమె నోరు మూసుకుంది. బీరకాయల కుప్ప మీద వేలు పెట్టి, ధర ఎంతని అమ్మేవాడికి సైగ చేసింది.

ఇవాళ తెర వెనకున్న ఆ ముసలామెకు సూది వేసింది నేనే. దూది అద్దుతుంటే నా నోట ఎప్పటిలాగే వచ్చింది, "అయిపోయిందండీ, ఇంక లేదు." ఆమె నిశ్చింతగా కళ్లు మూసుకుంది. ఆ మాట నీకెక్కడిదని ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను నిలదీయలేదు.