బీరువా తలుపుల విమానం

మొన్న ఉదయం ప్రయాణికులు విమానం ఎక్కుతుండగా ఒక పెద్దాయన చేతిసంచిలోంచి వేపపిండి వాసన వచ్చింది. ఎక్కడో వ్యవసాయ ప్రదర్శనకు నమూనాలు పట్టుకుపోతున్నాడట. సంచి పైఅరలో పెట్టేసరికి ఆ ఘాటు నాలుగైదు వరుసల దాకా పాకింది. నాతో డ్యూటీలో ఉన్న అమ్మాయి ముక్కు చిట్లించి నావైపు చూసింది. నేను మాత్రం సిగ్గు లేకుండా రెండుసార్లు గట్టిగా పీల్చాను. గ్యాలీ, జంప్ సీట్, పుష్‌బ్యాక్ లాంటి మాటలు నేను మొట్టమొదట విన్నది ఆ వాసన మధ్యలోనే. నల్లగొండలో గడియారం సెంటర్‌కు కాస్త అవతల, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో విమల మేడమ్ మాకు విమానం నేర్పేవారు, అంటే ఎయిర్‌హోస్టెస్ పని. కింద యూరియా, వేపపిండి బస్తాలు. పైన ఏడుగురం అమ్మాయిలం. ఏడుగురిలో ఒక్కరం కూడా అప్పటికి విమానం ఎక్కినవాళ్లం కాదు.

నన్ను చేర్పించడానికి వచ్చిన మా బాపు ఆ గదిని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. నార్కట్‌పల్లి పాత సామాన్ల దుకాణంలో కొన్న బస్సు సీట్లు రెండు వరుసలుగా వేసి ఉన్నాయి. ముందు భాగంలో ఎడమకొకటి, కుడికొకటి రెండు ఇనప బీరువాలు ఎదురెదురుగా నిలబెట్టి ఉన్నాయి. అవే విమానం తలుపులు. సీట్ల వెనక ఒక గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, ఒక ట్రే. అది గ్యాలీ, అంటే విమానంలో వంటిల్లు. "గిది ఇమానమా, మన ఊరి బస్సా మేడమ్?" అన్నాడు బాపు. మేడమ్ ఏమీ నొచ్చుకోలేదు. "రెండిట్ల కూసునేది మనుషులే గదన్నా. జర కూసోని సూడు" అని ఆయనను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, బీరువా పక్కన నిలబడి ఒక ప్రకటన చదివి వినిపించారు. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండులో బాపు అన్నాడు. "దసరా దాకా సూద్దాం బిడ్డా. గీ గాల్ల నౌకరి అయితే అయితది. లేకుంటే జడ్చర్ల మందుల కంపెనీల ప్యాకింగ్‌కు పోవాలె. మల్ల ఏడ్వొద్దు." మాది నేతపని ఇల్లు. బాపు మగ్గం నేస్తాడు, అమ్మ ఆసు పోస్తుంది. డిగ్రీ చదివిన పిల్ల ఇంట్లో ఊరికే కూర్చుంటే ఎవరికైనా దిగులే కదా. నాకు ప్యాకింగ్ పని మీద చిన్నచూపు లేదు కానీ, ఒకే డబ్బాను ఒకే తీరుగా రోజంతా మూయడం తలుచుకుంటే ఊపిరాడేది కాదు. తెలంగాణ వచ్చిన మూడో ఏడు అది. దసరాకు ఇంకా నాలుగు నెలలున్నాయి.

విమల మేడమ్‌ది హాలియా దగ్గరి పల్లె, వరి పండించే ఇల్లు. ఎన్నో ఏళ్లు విమానాల్లో పనిచేసి, ఒకరోజు కారణం చెప్పకుండా మానేసి వచ్చేశారని మాత్రమే మాకు తెలుసు. సన్నగా, నిటారుగా ఉండేవారు. కాటన్ చీర కుచ్చిళ్లు ఎప్పుడు చూసినా ఇస్త్రీ పెట్టె కిందినుంచి అప్పుడే వచ్చినట్టుండేవి. మొదటి వారమే మా అందరి దగ్గరున్న గైడు పుస్తకాలు గుంజుకుని బీరువా మీద పెట్టేశారు. వాటిలో రెండు వందల మాటలు, పక్కనే వాటి అర్థాలు ఉండేవి. మేం బట్టీ పట్టుకుని వచ్చి గడగడా అప్పజెప్పేవాళ్లం. "మాట నోటికొస్తే సాలదు" అనేవారు మేడమ్. ఏ మాట వచ్చినా మూడే ప్రశ్నలు వేసేవారు. ఎవరంటరు? ఎవరికంటరు? విన్నంక చెయ్యి ఏం చేస్తది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేకపోతే ఆ మాట మాకు రానట్టే లెక్క.

డెడ్‌హెడ్ అన్న మాట వచ్చిన రోజు గది గదంతా నవ్వులే. అవతలి ఊరిలో డ్యూటీ ఉంటే అక్కడిదాకా మామూలు ప్రయాణికుల్లా కూర్చుని పోయే సిబ్బందిని అలా అంటారట. "పేరు పెట్టినోడెవడో గని వాని నోట్ల మన్నువడ!" అని నా పక్కనున్న పిల్ల గొణిగింది. మేడమ్ కూడా నవ్వి, నన్ను లేపారు. "స్వప్నా, చెప్పు. చెయ్యి ఏం చేస్తది?" చేసేందుకేం పని లేదు కదా, హాయిగా కూర్చోవడమే అన్నాను. "ఒంటి మీద యూనిఫాం ఉన్నది. పక్క సీట్ల ముసలామెకు ఊపిరాడుతలేదు. అప్పుడు గూడ హాయిగ కూసుంటవా?" అన్నారు. ఒక మాట వెనక ఇంత కథ ఉంటుందా అని నాకు ఆశ్చర్యం వేసింది. ఆనాటి నుంచి నా ప్రశ్నలకు అంతు లేకుండా పోయింది. విమానం ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎందుకు ఎక్కుతారు అని అడిగాను ఒకసారి. మేడమ్ "అన్నేండ్లు ఎక్కిన, దిగిన. ఎన్నడు అడగలే. నాకు తెల్వదు బిడ్డా, రేపు చెప్త" అన్నారు. తెలియదని చెప్పే టీచరును నేను అంతకు ముందు చూడలేదు. మర్నాడు పాత స్నేహితురాలికి ఫోన్ చేసి కనుక్కుని వచ్చారు. విమానాలకు ముందు ఓడలుండేవి, ఓడ రేవుకు ఎడమ వైపు ఆనించేవారు, ఆ అలవాటే గాల్లోకి ఎక్కిందట. అది చెబుతుంటే ఆమె కళ్లలో నాకంటే ఎక్కువ సంబరం కనిపించింది.

ఇంత ఉత్సాహంగా నేర్చుకుంటున్న నేను ఒక్క మాట దగ్గర మాత్రం బోర్లా పడ్డాను. ఆ మాట క్రాస్‌చెక్. విమానం తలుపులో గాలి నింపుకునే జారుడుబల్ల ఒకటి మడిచి ఉంటుంది. బయల్దేరే ముందు దాన్ని సిద్ధం చేస్తాం, అది ఆర్మ్. అప్పుడు తలుపు తెరిస్తే బల్ల క్షణాల్లో బుసకొట్టుకుంటూ బయటకు తన్నుకొస్తుంది. ప్రమాదంలో ప్రాణం కాపాడేది అదే. గమ్యం చేరాక మాత్రం దాన్ని విడదీసిన తర్వాతే తలుపు తెరవాలి, అది డిసార్మ్. ఎవరి తలుపు వాళ్లు చేసుకున్నాక, ఒకరి తలుపును మరొకరు కళ్లతో చూసి సరిగ్గా ఉందని చెప్పాలి. మా బీరువాలకు జారుడుబల్లలు ఎక్కడివి? అందుకని మేడమ్ ఎర్ర గుడ్డపట్టీలు పెట్టారు. పట్టీ అడ్డంగా ఉంటే ఆర్మ్, తీసేస్తే డిసార్మ్. నిజం విమానంలోనూ తలుపు కిటికీకి గుర్తుగా అలాంటి పట్టీయే ఉంటుంది. ఆ రోజు మేడమ్ సీనియర్, ఎడమ బీరువా ఆమెది. నేను జూనియర్, కుడి బీరువా నాది. విమానం గమ్యం చేరినట్టు లెక్క. ప్రకటన అయింది. నా పట్టీ తీశాను. అటు తిరిగి "క్రాస్‌చెక్డ్" అన్నాను. మేడమ్ కదల్లేదు. ఆమె బీరువాకు ఎర్ర పట్టీ అలాగే అడ్డంగా ఉంది.

"నా మొఖం చూసినవ్. తలుపు చూడలే" అన్నారు మేడమ్.

"మీరు తీసే ఉంటరు అనుకున్న మేడమ్" అన్నాను. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. మర్నాడు మళ్లీ అదే చేయించారు. ఈసారి పట్టీ ఉన్నట్టు నాకు స్పష్టంగా కనిపించింది. అయినా నా నోరు "క్రాస్‌చెక్డ్" అనే అంది. అంత పెద్దామెను, అందరి ముందు, నువ్వు మరిచిపోయావని ఎలా అనడం? మూడోరోజూ అంతే. మిగతా పిల్లలు రెండో ప్రయత్నానికే గట్టెక్కారు. నేను ఒక్కదాన్నే మిగిలాను. చివరికి మేడమ్ చెప్పేశారు. "హైదరాబాదుల ఇంటర్వ్యూలు పెడుతున్నరు. గిది చెయ్యనిదాన్ని నేను పంప. నువ్వు ఏడ్చినా పంప." దసరా ఇరవై రోజుల్లోకి వచ్చేసింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఏమనుకున్నారో ఏమో, ఆదివారం మేడమ్ మా ఇంటికి వచ్చారు. ఆసు చూడాలని ఉందన్నారు. అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్రం మీద అమ్మ చెయ్యి అటూ ఇటూ పోతూ నూలు పోస్తుంటే, మేడమ్ కింద చాప మీద కూర్చుని చిన్నపిల్లలా చూశారు. "ఒక్క చీరెకు చెయ్యి ఎన్నిసార్లు పోతది వదినా?" అని అడిగారు. "ఎవలు లెక్కవెట్టిన్రు? రెక్క గుంజినప్పుడు తెలుస్తది" అంది అమ్మ. ఆ పక్కనే బాపు చిటికి కడుతున్నాడు. చట్రానికి బిగించిన నూలు మీద, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కలు కట్టుకుంటూ పోవడం అది. ఒక్క కట్టు తప్పినా రంగు లోపలికి దిగి, నేసేటప్పుడు బొమ్మ చెదిరిపోతుంది. మా ఇంట్లో బాపు కట్టిన కట్లను ఎవరూ తిరిగి చూడరు. ఎప్పుడైనా చిలక తోక తెగినట్టు వస్తే "దారం తప్పింది" అంటాం. అమ్మ ముందే చూసినా అనదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో తప్పు ఎప్పుడూ దారానిదే.

మేడమ్ వంగి చూసి, చల్లగా అన్నారు. "అన్నా, గీ వరుసల ఒక కట్టు తక్కువున్నట్టుంది గదా?"

అమ్మ చెయ్యి ఆసు మీద ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషితో, చాయ తాగడానికి వచ్చిన మనిషి అనే మాటా అది? బాపు తలెత్తలేదు. వేలితో ఒక్కొక్క కట్టునూ తడుముతూ వరుస చివరిదాకా పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. పళ్ల మధ్య పట్టుకున్న ట్యూబు ముక్కను తీసి, ఖాళీ ఉన్న చోట బిగించి కట్టాడు. "మంచిగ చూసినవ్ సెల్లె. రంగుల ముంచినంక అయితే చీరె ఆగమయ్యేది" అన్నాడు. అంతే. ఇల్లేం కూలలేదు. కాసేపటికి అమ్మ, ఆసు మీదినుంచి తల తిప్పకుండానే, "నేను పొద్దుగాల్నే చూసిన" అంది. బాపు ఆమెవైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదన్న విచారం.

మేడమ్‌ను బస్సు ఎక్కించడానికి నేను రోడ్డు దాకా నడిచాను. అప్పుడు చెప్పారు, ఎందుకు మానేశారో. ఒకనాటి విమానంలో ఆమె సీనియర్. విమానం దిగింది. ఆ రోజుకు అది నాలుగో ప్రయాణం, ఒళ్లు అలిసి ఉంది. తలుపు డిసార్మ్ చేశాననుకున్నారు, చేయలేదు. ఎదుటి తలుపు దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి క్రాస్‌చెక్డ్ అంది. ఈమె తలుపు తెరిచారు. జారుడుబల్ల తన్నుకొచ్చి, బయట విమానానికి ఆనించిన మెట్ల మీద నిలబడ్డ పనివాణ్ని కిందికి విసిరేసింది. నడుము విరిగింది. "ఆ పిల్ల గూడ నీ లెక్కనే. నా మొఖం చూసింది. పెద్దామె తప్పు చేస్తదా అనుకున్నది. ఆమెను నౌకరిల కెల్లి తీసేసిన్రు. నన్ను తియ్యలే, పాత మనిషినని. గది తట్టుకోలేక నేనే ఒచ్చేసిన" అన్నారు. గౌరవం అని నేను అనుకుంటున్న దాని బరువు ఎవరి నడుము మీద పడుతుందో నాకు ఆ రోడ్డు మీద తెలిసింది.

సోమవారం మళ్లీ బీరువాలు. ప్రకటన అయింది. నా పట్టీ తీసి, తిరిగి చూశాను. "మేడమ్, మీ పట్టీ తియ్యలే" అన్నాను. ఈసారి మాట బయటికొచ్చింది. చప్పట్లు కొడతారని, కౌగిలించుకుంటారని పిచ్చి ఊహ ఏదో ఉండింది నాకు. మేడమ్ తలుపు చూసి, పట్టీ తీసి, "థాంక్యూ" అన్నారు. తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయారు. పొరపాటు చెప్పినప్పుడు అవతలి మనిషి చేయాల్సింది అంతేనని కూడా ఆమె అలాగే నేర్పారు. హైదరాబాదు ఇంటర్వ్యూకు నన్నూ పంపారు. దసరాకు నాలుగు రోజుల ముందు నాకు ఉద్యోగం వచ్చింది.

చేరిన రెండో నెలలో, ఇంకా నన్ను పర్మనెంటు చేయక ముందు, ఒక పెద్ద సీనియర్‌తో డ్యూటీ పడింది. ఆమె ఒక్క మాట పైకి రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఉదయం నుంచి నా జడ మీద, నా ఇంగ్లీషు మీద విసుక్కుంటూనే ఉంది. మధ్యాహ్నం ఒక చిన్న ఊళ్లో దిగాం. డిసార్మ్ ప్రకటన అయింది. నా తలుపు చేసుకుని అటు తిరిగాను. ఆమె తలుపు కిటికీకి ఎర్ర పట్టీ అడ్డంగా ఉంది. ప్రయాణికులు లేచి తొందరపడుతున్నారు. ఆమె ఎవరికో నవ్వుతూ వీడ్కోలు చెబుతూ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. "మేడమ్, ఆగండి. మీ డోర్ ఇంకా ఆర్మ్‌లోనే ఉంది" అన్నాను, ముందు వరుసలవాళ్లందరికీ వినపడేంత గట్టిగా. ఆమె చెయ్యి పిడి మీదే బిగుసుకుపోయింది. మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా పట్టీ తీసి, జారుడుబల్లను విడదీసి, నన్ను మళ్లీ చూడమంది. చూశాను. తలుపు తెరుచుకుంది. మెట్ల పైన ఒక మనిషి, ఎండకు కళ్లు చిట్లిస్తూ, బొటనవేలు పైకెత్తి నవ్వాడు.

హోటలుకు చేరగానే విమల మేడమ్‌కు ఫోన్ చేశాను. అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"తలుపు అవతల ఎవరన్న ఉండెనా?" అని అడిగారు మేడమ్.

"మెట్ల మీద ఒకన్న నిలబడ్డడు మేడమ్."

"పేరు తెలుసుకున్నవా?"

"లేదు మేడమ్. ఆయనకు ఏం తెల్వదు. నవ్వుకుంట పోయిండు."

"మంచిదైంది బిడ్డా. ఏం కాకుంటే పేరుతోని మనకేం పని? నాకైతే పేరు తెలుసు. పెండ్లాం పేరు తెలుసు, పిల్లల పేర్లు తెలుసు" అన్నారు. ఆమె ఏడవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నేనే సీనియర్‌ను. కొత్త పిల్లలకు నా తలుపు చూడమని చెబుతాను, చూడకపోతే కసురుతాను, చూసి తప్పు చెబితే థాంక్యూ అంటాను. ఈ ఏళ్లలో ఎన్ని తలుపులు తెరిచానో లెక్క లేదు. వాటి అవతల నిలబడ్డ మనుషుల్లో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు.