బావ కారు వెనుక లేచే పలక

మా బావ పోయాడని సోమవారం పొద్దున హైదరాబాదులో ఉన్న నాకు ట్రంక్ కాల్ వచ్చింది. అవతల అక్క ఏడవలేదు. "మీ బావ పోయిండు తమ్మీ. ఇగ కారు నువ్వే నడపాలె" అంది.

బావ వరంగల్‌లో ఓ కాలేజీ వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టర్. పుట్టింది మాత్రం మగ్గాల ఇంట్లో. డెబ్బైలలో ఆయన తమ్ముడు ఇదే కారు నడుపుతూ రఘునాథపల్లి దగ్గరి మలుపులో పోయాడు. ఆ పొద్దున చక్రాల బోల్టులు బిగించింది బావే. ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. అయినా ఏళ్ల తరబడి అన్నం ముందు కూర్చుని తన చేతులే చూసుకునేవాడు. "నా చేతి తప్పా, ఇంకేమన్ననా? అది తెల్వకుండ సావద్దు బామ్మర్దీ" అనేవాడు.

ఖరీదైన విదేశీ కార్ల వెనుక ఒక పలక ఉంటుందనీ, వేగం పెరిగితే దానంతట అదే లేస్తుందనీ ఏదో పత్రికలో చదివాడు. ఇక మనిషికి పూనకమే. "ఉరికే కారును గాలి ఎన్కనుంచి లేపుతది. టైర్లకు పట్టు పోతది. పలక లేసి ఆ గాలిని మీదికి మళ్లిస్తే, అదే గాలి కారును కిందికి ఒత్తుతది. నిమ్మలంగ పోయేటప్పుడు పలక పండుకోవాలె, లేకుంటె ఉత్తగ అడ్డం" అంటూ కంచం అంచు లేపి చూపించేవాడు.

గాలి కంటికి కనబడాలని కారు వెనుక అద్దం చుట్టూ నూలు పోగులు అంటించాడు. నేను నడపాలి, ఆయన వెనుక సీట్లో వెనక్కి తిరిగి చూడాలి. మొదటిరోజు వేగం ఎనభై దాటినా ఒక్క పోగు కదల్లేదు. "మనం ఉరుకుతలేమా?" అన్నాడు బావ. పక్కన చెట్లు పరుగెడుతున్నా నాకూ అనుమానం వచ్చింది. ఇంటికొచ్చాక అక్క పోగు ముట్టుకుని ఒకటే నవ్వు. "గంజి పెట్టిన పడుగు నూలు అంటిచ్చినవ్. పుల్ల లెక్కున్నది, ఎట్ల కదుల్తది?" మగ్గాల ఇంట్లో పుట్టినాయన చేసిన పని ఇది!

మర్నాడు గంజి లేని నూలు అంటించాడు. ఈసారి పోగులు వెనక్కి ఎగరలేదు. ముందుకు తిరిగి, మమ్మల్ని పిలిచే వేళ్లలా ఆడాయి. కారు వెనుక గాలి సుడి తిరుగుతోందని బావ చెప్పాడు.

తర్వాత వైపర్ మోటారుతో పలక తయారైంది. చక్రంతో పాటు తిరిగే రెండు ఇనుప గుండ్లు వేగం పెరిగితే విచ్చుకుని స్విచ్చును తాకేవి, మోటారు పలకను లేపేది. అప్పుడు కారు రోడ్డుకు అతుక్కుని పోయేది. ఒక మధ్యాహ్నం పలక లేవకుండా స్విచ్చు వైరు ఊడదీసి, తమ్ముడు పోయిన ఆ మలుపులో అంతే వేగంతో పొమ్మన్నాడు. పోయాను. కారు వెనుక భాగం తేలిపోయి పక్కకు జారింది. ఎలాగో ఆపాను. బావ ఏడుస్తున్నాడు. "బోల్టులు గట్టిగనే బిగిచ్చిన బామ్మర్దీ. మా చిన్నోణ్ని గాలే లేపింది." ఆరోజు కడుపునిండా తిన్నాడు. అది చూడగలిగినందుకు నేను అదృష్టవంతుణ్ని.

దినాలయ్యాక అక్కను అదే కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని హైదరాబాదు బయల్దేరాను. పట్టపగలు, ఆకు కదలడం లేదు. ఆ మలుపు దగ్గర వేగం ఇరవై కూడా లేదు. అద్దంలో చూస్తే పలక మెల్లగా లేస్తోంది.

"అక్కా..." అన్నాను.

అక్క వెనక్కి తిరగలేదు. "జర ఆపు తమ్మీ. మీ బావ ఈడ దిగుతడు, తమ్ముని దగ్గర."

ఆపాను. వెనుక తలుపు ఎవరూ తీయలేదు. కానీ ఖాళీ సీటు కింద కమాన్లు కిర్రుమన్నాయి. మనిషి దిగితే లేచినట్టు, కారు వెనుక భాగం కొంచెం పైకి లేచింది.